ఈశ్వర్రావు ఎవరి తాలూకా?

వ్యక్తికి సిగ్గేస్తే తలదించుకుని ఊరుకుంటాడు. సంస్థకు సిగ్గేస్తే ఉపసంఘం వేస్తుంది.

విశాఖపట్నంలో సాగరతీర చలనచిత్ర కళాపరిషత్తుకు అలా ఒకసారి సిగ్గేసింది. కారణం స్వయానా అధ్యక్షులు పేర్రాజుగారే. ప్రభుత్వంలో ఏదో శాఖకు ఉపసంచాలకులుగా చేసి రిటైరైన పెద్దమనిషి. క్రిందటేడాది ఉత్సవాల్లో ఒక కుర్ర నటుడికి శాలువా కప్పుతూ, "మనిషి నల్లగా ఉన్నా మొహంలో కళ ఉంది" అని మైకులో మెచ్చుకున్నారు. ఆయన ఉద్దేశంలో అది పొగడ్త. మన పెళ్ళిచూపుల్లో అంతకు మించిన పొగడ్త ఉండదు కూడా. ఆ కుర్రాడు మాత్రం శాలువా తీసి, నీటుగా మడిచి బల్లమీద పెట్టి, "'ఉన్నా' ఏంటి సార్?" అని అడిగి దిగిపోయాడు. ముందు వరసలో ఎవరో దాన్ని ఫోనులో పట్టారు. వారం తిరక్కుండా రాష్ట్రంలో ఫోనున్న ప్రతివాడూ ఎదుటివాణ్ణి "ఉన్నా ఏంటి సార్?" అని పలకరించడం మొదలెట్టాడు.

కాబట్టి ఈ ఏడాది ఉత్సవాలను వర్ణవివక్షకు వ్యతిరేకంగా జరపాలని, అందుకు తగ్గ విదేశీ అతిథిని పిలవాలని ఉపసంఘం తీర్మానించింది. అతిథి పేరు సూచించింది హైమవతి.

హైమవతి ఎం.ఏ. ఇంగ్లీషు. గృహిణి. పరిషత్తులో సంయుక్త కార్యదర్శి. సంయుక్త కార్యదర్శి చేసే పని ఏమిటంటే, సన్మానాలప్పుడు శాలువా ఉన్న పళ్ళెం పట్టుకుని పెద్దల పక్కన నిలబడటం. శాలువా వెళ్ళిపోయాక ఖాళీ పళ్ళెంతో దిగిపోవడం. మైకుకీ ఆమెకీ మధ్య దూరం ఎప్పుడూ మూరెడే, కానీ ఇన్నేళ్ళలో ఆ మూరెడూ దాటలేదు. మిగతా సమయంలో ఆమె పరిషత్తువారి కాగితాల్లో అక్షరదోషాలు దిద్దుతుంది. ఎవరూ అడగకపోయినా దిద్దుతుంది. పరిషత్తులో తనొక్కతే చదువుకున్న మనిషినని ఆమెకో నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమె ఎన్నడూ పైకి అనలేదు. మొహంలో కనపడుతూ ఉంటుంది కాబట్టి అనాల్సిన అవసరం రాలేదు.

ఆమెకు స్పానిషు వచ్చు. కూతురు కాలేజీలో ఉండగా ఆన్‌లైన్‌లో స్పానిషు క్లాసులో చేరి, మూడోవారం మానేసింది. కట్టిన ఫీజు దండగవుతుందని ఆ కోర్సు తల్లి పూర్తిచేసింది. ఇంట్లో ఎవరికీ అక్కర్లేని భాష రావడంతో సాధన కోసం స్పానిషు సినిమాలు చూసింది. అందులో ఇసీద్రో మొరాలెస్ కనిపించాడు.

ఇసీద్రో మొరాలెస్ మెక్సికోలో ఒక కొండ ఊరివాడు. సినిమాల్లో మొదటి పదేళ్ళూ తోటమాలి, డ్రైవరు, దొంగ, దొంగ పక్కన ఇంకో దొంగ. అవి లేనప్పుడు పెద్దింట్లో పళ్ళెం తెచ్చి బల్లమీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయే నౌకరు. తర్వాత ఒక మంచి దర్శకుడి కంటపడి హీరో అయ్యాడు, బహుమతులొచ్చాయి. ఒక బహుమతి అందుకుంటూ, "వీధిలో అందరూ నా రంగులో ఉంటారు, టీవీ పెడితే ఒక్కడూ ఉండడు. మధ్యలో వాళ్ళంతా ఏమవుతున్నారు?" అని అడిగాడు. ఆ ప్రశ్న పట్టుకుని బడులూ సభలూ తిరుగుతున్నాడు. అందుకు కొన్ని సినిమాలు పోయాయి కూడా.

అతని సినిమాలు దొరికినవన్నీ హైమవతి చూసింది. ఆమె భర్త కామేశం పోర్టులో ఇంజనీరు. ఒకరోజు ఆమె పక్కన కూర్చుని ఐదు నిమిషాలు చూసి, "ఎక్కడో చూసినట్టుందే ఈయన్ని" అన్నాడు.

"మెక్సికో నటుడండీ."

"కాదే, మన మల్కాపురం బ్రాంచిలో కేషియరు."

"మీకు మనుషుల్లో తేడా తెలీదు" అంది హైమవతి, విసుగ్గా.

*

ఉత్సవ నియమావళి మీద చర్చకు కార్యవర్గం సమావేశమైంది. పేర్రాజుగారు కళ్ళజోడు సవరించుకుని చదివారు.

"ఇందుమూలముగా సమస్త సభ్యులకు తెలుపునది ఏమనగా, ఉత్సవ దినములలో పరిషత్ ఆవరణయందు నలుపు, తెలుపు, ఎరుపు అను పదములను గాని, తత్సంబంధ రూపాంతరములను గాని, ఎవరును, ఏ సందర్భమునను, ఏ వస్తువును ఉద్దేశించియు ఉపయోగించరాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. హైమవతి చెయ్యెత్తింది.

"అధ్యక్షా, మొదటి వాక్యంలోనే 'తెలుపునది' అని ఉందండీ."

"అది వేరే తెలుపమ్మా. తెలియజేయు తెలుపు."

"రూపాంతరాలు కూడా కూడదన్నారు కదండీ. రెండూ వినడానికి ఒకటే. మైకులో ఎవరైనా తెలుపు అంటే ఏ తెలుపన్నారో సభకెలా తెలుస్తుంది?"

ఆమె ఆ మాటన్నది నియమం ఎంత తెలివితక్కువదో వాళ్ళకు తట్టాలని. పేర్రాజుగారికి తట్టింది వేరు. ఆయన ముప్ఫయ్యేళ్ళు ప్రభుత్వంలో పనిచేసినవారు. లొసుగు చూపిస్తే నియమం తీసెయ్యరు, లొసుగు పూడుస్తారు.

"ముఖ్యమైన అంశం. పరిగణనలోకి తీసుకోవడమైనది. 'తెలుపునది' కొట్టివేసి 'మనవి చేయునది' అని చేర్చుకొనుడు."

ఆ క్షణం నుంచి పరిషత్తులో ఎవరూ ఎవరికీ ఏమీ తెలపడానికి వీల్లేకపోయింది. కృతజ్ఞతలు తెలపకూడదు, సంతాపం తెలపకూడదు, అభ్యంతరం అసలే తెలపకూడదు. నల్లపూసలు మెడలో ఉండొచ్చు, నోట్లోకి రాకూడదు. తెల్లకాగితం 'రాయని కాగితం' అయింది. "అయితే రేపు తెల్లారి కలుద్దాం" అన్న కార్యదర్శి నాలిక కరుచుకుని, "రేపు... సూర్యుడొచ్చాక" అన్నాడు. తప్పు దొర్లితే మోగించడానికి బల్లమీద ఒక గంట పెట్టారు. దాని బాధ్యత కోశాధికారి ధర్మలింగానికి అప్పగించారు. ఆయనకు డాబాగార్డెన్స్‌లో రంగుల దుకాణం ఉంది. గోడలకు వేసే రంగులు. అందుచేత రంగుల విషయంలో నిపుణుడిగా ఆయన్ను తీసుకున్నారు.

తర్వాత వేదిక మీద అన్ని రంగులవారికీ సమాన ప్రాతినిధ్యం ఉండాలని ఇంకో నియమం వచ్చింది. హైమవతి మళ్ళీ చెయ్యెత్తింది. ఆ చెయ్యి ఆమె మాట వినదు.

"రంగు పేరు ఎత్తకూడదు అంటూనే ప్రాతినిధ్యం ఎలా చూస్తారండీ?"

ధర్మలింగం గొంతు సవరించుకుని, సంచీలోంచి ఒక అట్ట తీశాడు. రంగుల దుకాణంలో గోడకు ఏ రంగు కావాలో చూసుకోమని ఇచ్చే షేడ్‌ కార్డు.

"దీన్లో నలుపు తెలు..." తన గంట తనే మోగించుకున్నాడు. "దీన్లో ఆ మాటల్లేవు మేడం. అన్నీ మంచి పేర్లు. మీగడ, గంధం, ఎడారి ఇసక, వేరుశెనగ, కాఫీ గింజ, పాత బెల్లం. చెయ్యి ఆన్చి చూసుకోవడమే."

అట్ట చేతులు మారింది. వివక్ష నిర్మూలన సంఘంలో ఆ సాయంత్రం కనపడినంత తాపత్రయం పెళ్ళిళ్ళ పేరయ్యల దగ్గర కూడా కనపడదు. "ఎండన పడొచ్చానండీ, లేకపోతే ఇంకో గడి పైనుంటాను" అన్నారు ఒకరు. "ట్యూబులైటు సరిగా లేదు, కిటికీ దగ్గర చూద్దాం" అన్నారు ఇంకొకరు. పేర్రాజుగారు ముంజేతి మీద వాచీ తీసేసి, వాచీ కింద చోటు ఆన్చారు.

వాళ్ళను చూసి హైమవతి లోపల్లోపల నవ్వుకుంది. ఆమె వంతు వచ్చింది. ఆమెది చామనచాయ. పేరులో మంచుకొండ ఉన్నా ఒంట్లో లేదని చిన్నప్పుడు మేనత్తలు నవ్వేవారు. ఆమె చెయ్యి చాపి, ఏ ఆలోచనా లేకుండా, ముంజేతిని తిప్పి లోపలివైపు పెట్టింది. పెట్టాక చూసుకుంది. అప్పటికే ధర్మలింగం "వేరుశెనగ" అని రాసేసుకున్నాడు. బయటివైపు ఆనిస్తే కాఫీ గింజ. దిద్దమందామనుకుంది. పరిషత్తు కాగితంలో ఆమె దిద్దకుండా వదిలేసిన మొదటి తప్పు అదే.

దానికి ఫలితం వెంటనే దక్కింది. వేదిక మీద అందరినీ మీగడ నుంచి పాత బెల్లం దాకా వరసగా కూర్చోబెట్టాలన్నారు. మైకు ఉండేది సరిగ్గా మధ్యలో. మధ్యలో ఎవరుండాలంటే వేరుశెనగ. వేరుశెనగ ఆమె ఒక్కతే.

"కావున అతిథి పరిచయమూ, వారి ప్రసంగ అనువాదమూ శ్రీమతి హైమవతిగారు నిర్వర్తించెదరు" అన్నారు పేర్రాజుగారు. "అయితే గంట ఒక్కసారి మోగినా మైకు అధ్యక్షుల స్వాధీనమగును. మిగతా అనువాదం నేను చూసుకుంటాను."

"మీకు స్పానిష్ వచ్చాండీ?"

"భావం అందుతుందమ్మా."

ఆ నియమావళి తెలివితక్కువదని హైమవతికి బాగా తెలుసు. మైకు తనకొచ్చాక చూస్తే అందులోనూ కొంత లోతు కనిపించింది. ఇంక చెయ్యెత్తలేదు.

*

పరిచయ వాక్యాలు ఆమె పదహారుసార్లు తిరగరాసింది. పప్పు పొంగిపోతున్నా రాసింది. "ప్రపంచం ఎవరిని పనివాడిగా మాత్రమే చూసిందో, అతనిలో మనిషిని చూడటం నేర్చుకుందాం" అన్న వాక్యం మరీ నచ్చింది. దాన్ని అద్దం ముందు నిలబడి చదువుకుంది. "చూడటం" దగ్గర చెయ్యి ఎలా తిప్పాలో కూడా నిర్ణయించుకుంది.

"బావుందా?" అని కామేశాన్ని అడిగింది.

"బావుంది. మరి మన పనమ్మాయి టీ గ్లాసు విడిగా పెడుతున్నావేంటి?"

"అది శుభ్రత, దీనికీ దానికీ సంబంధం లేదు" అంది హైమవతి.

చీర విషయంలో మాత్రం విప్లవమే చేసింది. చామనచాయకు పసుపు నప్పదని వాళ్ళమ్మ ఆమెను జన్మంతా పసుపు కట్టనివ్వలేదు. ఆమె వెళ్ళి నిండు పసుపుపచ్చ పట్టుచీర కొంది. వర్ణవివక్ష మీద తన పోరాటం దాంతో సగం అయిపోయినట్టనిపించింది.

ఫ్లెక్సీ ప్రూఫు చూడటానికి కూడా ఆమెనే పంపారు. ప్రింటింగు షాపులో కంప్యూటరు తెర మీద ఇసీద్రో మొరాలెస్ పాలలో ముంచి తీసినట్టు మెరిసిపోతున్నాడు. బుగ్గలు గులాబీ రంగులో ఉన్నాయి. హైమవతి చూపు ముందు అక్షరాల మీదికి పోయింది. "వర్ణ వివిక్షపై సమర శంఖం" అని ఉంది.

"వివక్ష బాబూ. వకారానికి గుడి లేదు."

గుడి తీయించింది. పక్కనున్న సున్నా సరిచేయించింది. మెక్సికోలో దీర్ఘం పోగొట్టింది. అంతా సవ్యంగా ఉందని సంతకం పెట్టి, లేస్తూ అడిగింది. "మొహం రంగు మార్చినట్టున్నారేమిటి?"

"మార్చలేదు మేడమ్, ఫెయిర్నెస్ కొట్టాం. అందరికీ కొడతాం. పెళ్ళికైనా పెద్దకర్మకైనా. ప్యాకేజీలోదే."

తీయమంటే మళ్ళీ ఒక గంట కూర్చోవాలి. పొయ్యి మీద కుక్కరు కూతురికి అప్పగించి వచ్చింది. దూరం నుంచి చూస్తే బాగానే ఉందనిపించింది. బాగానే ఉండటమంటే ఏమిటో ఆలోచించకుండా ఆటో ఎక్కింది.

*

ఉత్సవం రోజు ఎయిర్‌పోర్టుకు కారు పంపారు. డ్రైవరు చేతిలో ఫ్లెక్సీ లోని మొహమే చిన్న అట్టమీద అతికించి పెట్టారు. డ్రైవరు బుద్ధిమంతుడు. విమానం దిగి వచ్చిన ప్రతి మొహాన్నీ అట్టతో పోల్చి చూశాడు. గులాబీ బుగ్గల వాళ్ళెవరూ రాలేదు. ఒక మామూలు మనిషి భుజాన సంచీతో ఎదురుగా నిలబడి అట్టను వేలితో చూపిస్తూ నవ్వితే, "అవునన్నా, ఈయన కోసమే చూస్తన్నా. నువ్వు గానీ లోపల చూసేవా?" అని అడిగాడు. ఆ మనిషి కాసేపు నిలబడి, ఆహ్వానపత్రం ఆటోవాడికి చూపించి హాలుకు వచ్చేశాడు.

హాలు గేటు దగ్గర వాచ్‌మన్ పైడయ్య ఉన్నాడు. మన ఊళ్ళో కొత్త మనిషిని ఎవరూ "ఎవరు నువ్వు" అని అడగరు. ఎవరి మనిషివని అడుగుతారు.

"ఎవులి తాలూకా బాబూ?"

ఆ మనిషి గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఇసీద్రో" అన్నాడు.

"ఏటీ? ఈశ్వర్రావా? పేరు కాదు బాబూ, ఎవులి తాలూకా అంట. పెసిడెంటుగారి తాలూకానా, కేటరింగు తాలూకానా?"

విన్న మాటల్లో కేటరింగు ఒక్కటే ఎరిగిన మాటలా అనిపించి, ఆ మనిషి "కేటరింగ్?" అని ఆశ్చర్యంగా అడిగాడు.

"అలగ సెప్పవేం మరి! ఆ పక్క గుమ్మంలోంచి ఎల్లు. బేగి ఎల్లు, ఆలెస్యమైపోతంది, ఆల్లు తిడతారు."

లోపల హైమవతి పసుపుపచ్చ చీరలో ఊపిరాడకుండా ఉంది. అతిథి జాడ లేదు. డ్రైవరు ఫోను చేసి "ఎవులూ రాలేదండి, అందరూ మనోళ్ళే దిగేరు" అంటున్నాడు. పేర్రాజుగారు, "అతిథి రాని పక్షమున ఫ్లెక్సీకి పూలమాల వేసి కార్యక్రమము యథావిధిగా జరుపవలెను" అని ఉత్తర్వు జారీచేశారు. హైమవతి చేతిలో పరిచయం కాగితాలు చెమటకు మెత్తబడుతున్నాయి. గొంతు ఎండిపోయింది. వేదిక మీద నీళ్ళు కూడా పెట్టలేదు.

పక్క గుమ్మం దగ్గర ఎవరో ఖాళీగా నిలబడి కనిపించారు.

"ఎవరయ్యా అక్కడ?"

"కేటరింగు తాలూకా అమ్మా, ఈశ్వర్రావంట!" గేటు నుంచి పైడయ్య అరిచాడు.

"ఇదిగో ఈశ్వర్రావూ, అలా చూస్తూ నిలబడతావేం? ఆ నీళ్ళ కేసు లోపలికి పట్రా. సీసాలు పళ్ళెంలో సర్ది, వేదిక మీద పేర్ల ముందు ఒక్కొక్కటీ పెట్టు. సంచీ అక్కడ పెట్టకు, ఎవరి కాళ్ళకైనా తగుల్తుంది. చేతులు కడుక్కున్నావా?" నీళ్ళ కేసునూ, పళ్ళేన్నీ, వేదికనూ ఒక్కొక్కటే వేలితో చూపించి, చేతులు కూడా చూపించమన్నట్టు సైగ చేసింది.

అతను రెండు చేతులూ చాపి చూపించాడు.

"సరే, వెళ్ళు."

అతని మొహం ఆమె చూసింది. చూడలేదని తర్వాత చెప్పుకోవడానికి కూడా లేదు, ఎదురుగా నిలబడి చూసింది. చేతులు శుభ్రంగా ఉన్నాయా లేదా అనేది ఇంకా పరీక్షగా చూసింది.

*

సభ మొదలైంది. ధర్మలింగం గంట పట్టుకుని కూర్చున్నాడు. హైమవతి మైకు ముందు నిలబడింది. ఇన్నేళ్ళ మూరెడు దూరం ఒక్క అడుగులో అయిపోయింది.

"సోదర సోదరీమణులారా" అంది. తన గొంతు పైకప్పుకు తగిలి తిరిగి రావడం విని ఒళ్ళు పులకరించింది. ఎక్కడా తడబడలేదు. కొండ ఊరి గురించి, తోటమాలి వేషాల గురించి చెప్పింది. తెలుపు అనలేదు, నలుపు అనలేదు. జనం వింటున్నారు. మూడోవరసలో కామేశం కూడా వింటున్నాడు. తనకు నచ్చిన వాక్యం దగ్గరికి వచ్చింది.

"ప్రపంచం ఎవరిని పనివాడిగా మాత్రమే చూసిందో, అతనిలో మనిషిని చూడటం..."

అనుకున్నట్టే చెయ్యి తిప్పింది. చెయ్యి తిరిగిన వైపు ఈశ్వర్రావు పళ్ళెంతో వస్తున్నాడు. మీగడ దగ్గర మొదలుపెట్టి ఒక్కో పేరు ముందు ఒక్కో సీసా పెడుతున్నాడు. నడుం కొద్దిగా వంచి, పళ్ళెం ఎడంచేతి మీద నిలిపి, సీసా చప్పుడు కాకుండా ఆన్చి, ఎవరి వైపూ చూడకుండా జరుగుతున్నాడు. పళ్ళెం అలా పెట్టడం ఆమె ఎక్కడో చూసింది. ఒక సినిమాలో కాదు, ఆరు సినిమాల్లో చూసింది. ఆ నౌకరు మాట్లాడడు. పెట్టి వెళ్ళిపోతాడు. అతనొచ్చినప్పుడల్లా ఆమె బొమ్మ ఆపి, కన్నీళ్ళు తుడుచుకునేది.

ఈశ్వర్రావు "ముఖ్య అతిథి" అని రాసున్న అట్ట ముందు చివరి సీసా పెట్టాడు. దాని కింద ఇంగ్లీషులో ఉన్న తన పేరు చదివాడు. పళ్ళెం పక్కన పెట్టి, ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"ఏయ్, ఏయ్! ఎవరి తాలూకా అయ్యా నువ్వు? లే అక్కణ్ణించి!" పేర్రాజుగారు లేచారు.

"కూర్చోనివ్వండి" అంది హైమవతి. మైకులోనే అంది. "ఆయనే."

"ఎవరాయన?"

"ఇసీద్రో మొరాలెస్."

పేర్రాజుగారు అతన్ని చూశారు, వెనకున్న ఫ్లెక్సీని చూశారు, మళ్ళీ అతన్ని చూశారు. "దీన్లో ఉన్నట్టు లేరే" అన్నారు, అతను ఏదో మోసం చేసినట్టు. ధర్మలింగం అలవాటుగా షేడ్‌ కార్డు తీసి అతని చేతి పక్కన పెట్టబోయి, ఎవరో మందలిస్తే మానుకున్నాడు.

ఇసీద్రో మైకు దగ్గరికి వచ్చాడు. హైమవతి పక్కకు జరిగింది కానీ దిగడానికి లేదు. అతను ఒక వాక్యం స్పానిషులో అని, ఆమె వైపు చూసి ఆగాడు. హాలంతా ఆమె వైపు చూసింది.

పేర్రాజుగారు వెనకనుంచి ఆమె చెవి దగ్గరికి వంగారు. "అమ్మా, సారాంశం చెప్పండి, చాలు. ఆతిథ్యం బావుందన్నారని చెప్పండి."

నిజానికి చెప్పొచ్చు. ఆ హాల్లో స్పానిషు తెలిసినవాళ్ళు ఇద్దరే ఉన్నారు, రెండోవాడికి తెలుగు రాదు. ఒక్క వాక్యం మింగేస్తే పరిషత్తు పరువు నిలుస్తుంది, తన పరువూ నిలుస్తుంది, మైకు చేతిలోనే ఉంటుంది. కానీ ఎదుటివాళ్ళ కాగితంలో గుడిని కూడా క్షమించని మనిషి ఆమె. అబద్ధం చెప్పడానికి ఆమెకు అంత ఇబ్బంది ఉండేది కాదేమో, తప్పుడు అనువాదం చెయ్యడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

"నా జీవితంలో మొదటిసారి ఒక పరాయి దేశంలో దిగితే, నన్నెవరూ పరాయివాడిగా చూడలేదు, అంటున్నారు" అని తెలుగు చేసింది.

జనం చప్పట్లు కొట్టారు. ఇసీద్రో కొనసాగించాడు. ఆమె వెంటవెంట చెప్పుకుపోయింది.

"ఎయిర్‌పోర్టులో నా బొమ్మ పట్టుకున్నాయన నన్నే నా గురించి అడిగారు. గేటు దగ్గర ఒక పెద్దాయన తాలూకా, తాలూకా అన్నారు. ఆ మాటకు అర్థం తెలీదు. అడిగిన తీరు చూసి, ఎవరి మనిషివి అనేమో అనుకున్నాను. అలా నన్ను ఇదివరకు ఎవరూ అడగలేదు. మా దగ్గర నా రంగు వాణ్ణి ఎక్కడికి పోతున్నావని అడుగుతారు గానీ, ఎవరివని అడగరు. మా అమ్మ..." ఇక్కడ అతను వాడిన మాటకు ఆమె ఒక్క క్షణం వెతుక్కుంది. "మా అమ్మ నన్ను చామనచాయ పిల్లాడా అని ముద్దుగా పిలిచేది."

ధర్మలింగం గంట ఎత్తి ఆగిపోయాడు. నిషేధించిన మాటల జాబితా తీసి చూశాడు. నలుపుంది, తెలుపుంది, ఎరుపుంది. చామనచాయ లేదు. హాల్లో సగంమంది ఒంటిరంగు అదే, దాన్ని నిషేధించాలని ఎవరికీ తట్టలేదు. గంట దించేశాడు.

"సినిమాల్లో నల్లవాడికి పళ్ళెం ఇస్తారు."

గంట మోగింది. పేర్రాజుగారు మైకు కోసం చెయ్యి చాపారు. ఇసీద్రో గంట చప్పుడు సంగీతమనుకుని, నవ్వి, ఇంకా గబగబా రెండు వాక్యాలు అన్నాడు. పేర్రాజుగారు నోరు తెరిచి, భావం అందక, మైకు ఆమెకే వదిలేశారు.

"తెల్లవాడికి మాటలిస్తారు." గంట. "ఇక్కడ కూడా నాకు పళ్ళెమే ఇచ్చారు. మొదట ఇది మీ ఆచారమేమో, అతిథి చేత నీళ్ళు పెట్టిస్తారేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది. చెప్పొచ్చు, కానీ చెప్పలేదు. దర్శకుడు కట్ అనేదాకా చేస్తూ పోవడం నాకు అలవాటు. ఎవరంటారో చూద్దామనుకున్నాను."

తర్వాతి వాక్యం వినగానే హైమవతి చెవులు వేడెక్కాయి. అయినా చెప్పింది.

"పళ్ళెం ఇచ్చింది ఒక... ఒకావిడ. పసుపుపచ్చ చీర కట్టుకున్నారు. నా చేతులు కడుక్కున్నానో లేదో చూశారు."

ముందు వరసలవాళ్ళు మెడలు తిప్పి పసుపుపచ్చ చీర కోసం హాలంతా వెతికారు. వెనక వరసలవాళ్ళకు వెతకాల్సిన పని లేకపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. మూడోవరసలో కామేశం తలొంచుకున్నాడు. అతని భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

"నేనేనండీ" అంది హైమవతి. "ఈయన సినిమాలన్నీ చూశాను. అయినా చూశాను చేతులు."

నవ్వు ఒక మూల మొదలై హాలంతా పాకింది. అందరూ ఆమెను చూసి నవ్వుతున్నారో, ఆమెతో కలిసి నవ్వుతున్నారో తెలీలేదు. ఇసీద్రో కూడా నవ్వాడు. అతనికి ఏ మాటా అర్థం కాలేదు. ఆమె మొహం చూస్తే అర్థమైనట్టుంది. పేర్రాజుగారు లేచి, "ఇకమీదట విదేశీ అతిథులు విధిగా విదేశీయులవలె కనిపించవలెనని పరిషత్తు తీర్మానిస్తున్నది" అని ప్రకటించారు గానీ, మైకు హైమవతి దగ్గర ఉండటంతో అది మొదటి వరస దాటలేదు.

ఇంటికెళ్ళే దారిలో కామేశం స్కూటరు నడుపుతూ అడిగాడు.

"అన్నీ ఉన్నదున్నట్టే చెప్పావా? ఆ పళ్ళెం ఇచ్చింది ఒక... అని ఆగావు చూడు, అక్కడ ఏదో మింగినట్టనిపించింది."

"ఏం లేదు."

"ఏమన్నాడేంటి?"

అతనన్నది సెన్యోరా మయోర్ అని. వయసు మళ్ళిన ఒక పెద్దావిడ అని అర్థం. ఎంతో గౌరవంగానే అన్నాడు. తను వివక్ష చూపించానని నిండుసభలో మైకు పెట్టుకుని ఒప్పుకోగలిగింది గానీ, ఆ ఒక్క మాట తెలుగు చెయ్యడానికి మాత్రం హైమవతికి ప్రాణం ఒప్పలేదు.

"స్పానిష్‌లో ఆ మాటకు సరైన తెలుగు లేదండీ" అంది.